రాగుల పాతర

ఎనిమిదో ముడి దగ్గర దీపం ఆరిపోయింది.

తాడు పైకి లాగి, వత్తి వెలిగించి, మళ్ళీ దించాను. మళ్ళీ అంతే. ఏడు ముళ్ళ దాకా బుద్ధిమంతుడిలా వెలిగింది, ఎనిమిదో ముడి పాతర నోరు దాటేసరికి పుటుక్కున పోయింది. లోపల పొగ లేదు, వాసన లేదు. మనిషి పీల్చుకునే గాలి కూడా లేదు.

టైము మధ్యాహ్నం రెండూ పది. నాలుగింటికి రెడీమిక్స్ లారీ వచ్చి, ఇంకెవరూ పడకూడదన్న సాకుతో ఈ పాతరను కాంక్రీటుతో నింపేస్తుంది. ఆ తర్వాత ఓబళప్ప ఎలా పోయాడన్నది ఒక్క మనిషికి తప్ప ఎవరికీ పట్టదు. ఆ ఒక్క మనిషి నా పక్కనే నిలబడి ఉంది. పేరు నవ్య. ఓబళప్పకు ఒక్కతే కూతురు, బొమ్మనహళ్ళిలో బట్టల ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజరు. ఆమె చేతిలో టైపు చేసిన కాగితం ఒకటుంది. 'మా నాన్న తాగిన మత్తులో, తన నిర్లక్ష్యం వల్లనే చనిపోయాడు, నాకు ఎవరిమీదా అనుమానం లేదు' అని. లారీ వచ్చేలోగా సంతకం పెట్టమన్నారు ఈ ఇల్లు కొన్న ట్రస్టువాళ్ళు.

"తాగుతాండె మేడమ్, నేను లేదనను," అంది నవ్య. "సాయంత్రం పని దిగినాక. పొద్దున పూట ముట్టడు. మా నాయన ఎట్లాగూ తిరిగి రాడు. తాగుబోతని రాసిన కాగితం మీద నా చేత్తో సంతకం ఎట్ల పెట్టేది?"

నా పేరు వరూధిని. ఇరవై రెండేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీల కోసం చావుల నిజానిజాలు తవ్విపెట్టాను. ఇప్పుడు అదే పని సొంతానికి చేసుకుంటున్నాను. చావు గురించి అబద్ధమాడే కాగితాలు బోలెడు చూశాను గాని, ఇంత తొందరపడే కాగితాన్ని చూడలేదు.

సర్జాపుర దాటి ఆరు కిలోమీటర్లు లోపలికొస్తే ఈ ఇల్లు. నూట నలభై ఏళ్ళ రైతుల ఇల్లు. పట్టుపురుగులు పెంచిన పొడుగాటి గది, ముందు చావడి, పెరట్లో రాగులు దాచుకున్న పాతర. ఒక ట్రస్టు దీన్ని కొని, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు బొమ్మలు, మట్టిపని, తమటె డప్పు నేర్పే కళాకేంద్రంగా మారుస్తోంది. ఆదివారం ప్రారంభం. సున్నం పనంతా ఓబళప్ప చేతిమీదే నడిచింది. మడకశిర వైపు మనిషి, పాత ఇళ్ళ పని తెలిసినవాడు. మంగళవారం పొద్దున తొమ్మిదీ నలభైకి ఈ పాతర అడుగున శవమై దొరికాడు.

పాతర అంటే నేలలోకి దిగిన రాతి గాదె. ఇది పదకొండు మూరల లోతు. మనిషి పట్టేంత నోరు, దిగడానికి గోడ పొడుగునా కాళ్ళు పెట్టుకునే గూళ్ళు, పైన రాతి మూత. ఏళ్ళ తరబడి మూసి ఉంటే అడుగున మిగిలిన గింజలు ఊటనీళ్ళలో కుళ్ళి లోపలి గాలిని తినేస్తాయి. అందుకే మా సీమలో మూత తీసిన రోజు ఎవర్నీ దిగనివ్వరు. ఒక పగలంతా తెరిచిపెట్టి, దీపం దించి, అది నిలిస్తేనే మనిషిని దించుతారు. ఇక్కడ శవాన్ని తీసిన వెంటనే నోటికి రేకు కప్పి బరువులు పెట్టేశారు కాబట్టి లోపలి గాలి ఇవాళ్టికీ మారలేదు. ఆ రేకు పది నిమిషాల కింద నేనే లాగేశాను.

"పోలీసులు తిరిగిచ్చిన సంచీ తియ్యి నవ్యా."

రెండే వస్తువులున్నాయి. ఒక కిరసనాయిలు బుడ్డి, ఒక తాపీ. శవం పక్కన దొరికినవి. బుడ్డి మెడకు ఇంకా దారం కట్టే ఉంది. మూత విప్పి చూశాను. నిండా కిరసనాయిలు. వత్తి కొత్తది, కొస మాత్రం గోరంత నల్లబడింది.

"దీపం వాడలేదని ట్రస్టువాళ్ళ రిపోర్టు," అన్నాను. "వాడాడు. వెలిగించి దించాడు, వెంటనే ఆరిపోయింది. లోపల చావు కూర్చుని ఉందని మీ నాన్నకు తెలుసు."

"తెలిసి తెలిసి ఎందుకు దిగినాడు మరి?"

"లోపల ఇంకో మనిషి ఉంటేనే దిగుతాడు."

నవ్య పాతర నోటి వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ రెండో మనిషి ఎవరు, ఎలా బయటపడ్డాడు? గంటా యాభై నిమిషాల్లో అది తేలాలి.

పెరటి మూల, సున్నం తొట్టి పక్కన మహబూబ్ బాషా కూర్చుని ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళుగా ఓబళప్పకు జోడీ. పొద్దుటి నుంచి అక్కడే, పనేమీ లేకపోయినా కదలకుండా కూర్చున్నాడు. పాతర పక్కన దొరికిన, ఇందాక నేను దీపం దించిన తాడు తీసుకెళ్ళి అతని ముందు పడేశాను.

"ఇది ఎవరిది బాషా?"

"అన్నది, మేడమ్."

"ఎన్ని మూరలు?"

"పదైదు. మూరకొక ముడి, అయిదు ముళ్ళకొక ఎర్ర పేలిక. బావైనా, పాతరైనా లోతు దాంతోనే కొలుస్తాండె అన్న."

"లెక్కపెట్టు."

అతను తాడు ముట్టుకోలేదు. నేనే లెక్కపెట్టాను. ఒక పేలిక, రెండో పేలిక, ఆపైన రెండు ముళ్ళు. అంతే, తాడు అయిపోయింది. మూడో పేలిక లేదు. కొస కత్తితో కోసినట్టు నున్నగా ఉంది.

"పన్నెండే ఉన్నాయి. మిగతా మూడు మూరలు ఎవరు కోశారు?"

"నాకేం తెలీదు మేడమ్. అల్లా మీద ఒట్టు పెట్టమంటే మాత్రం పెట్టను. తెలీదంతే."

నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. అబద్ధం చెప్పడం కూడా రాని మనిషి. మూడు మూరలంటే నాలుగున్నర అడుగులు. సన్నపాటి మనిషి చంకల కిందుగా ఒక చుట్టు తిప్పి ముడి వేస్తే సరిగ్గా సరిపోతుంది. బరువు పడి బిగిసిన ముడిని విప్పడం కుదరదు, కొయ్యాల్సిందే. అంటే రెండో మనిషిని ఈ తాడుతోనే పైకి లాగారు. లాగినవాళ్ళలో బాషా ఉన్నాడు.

"ఇంకోటి," అంది నవ్య వెనక నుంచి. "మా నాయన తలగుడ్డ ఇయ్యలేదు వాళ్ళు. తలగుడ్డ లేకుండా పనిలోకి దిగే మనిషి కాదు."

బాషా తల ఇంకా కిందికి దించుకున్నాడు.

రెండూ నలభైకి పట్టుపురుగుల గదిలోకి వెళ్ళాం. గోడల నిండా ఊరి పిల్లల బొమ్మలు తగిలించి ఉన్నాయి. వాటి మధ్య నిచ్చెన పక్కన నిలబడి ఉంది వర్షిణి, ట్రస్టు డైరెక్టరు. ముప్పై రెండేళ్ళుంటాయి, గాలి వీస్తే పడిపోయేంత సన్నగా ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి మూడేళ్ళుగా ఈ ఇంటి మీదే ఉంది. ట్రస్టు తరఫున ఈ చావును పరిశోధించి రిపోర్టు రాసిన ప్రైవేటు డిటెక్టివు వీరభద్రం, రిటైర్డు సర్కిల్ ఇన్‌స్పెక్టరు, ఈవిడకు కన్నతండ్రి. ఇంట్లో వంట, ఇంట్లోనే రుచి చూడ్డం అన్నట్టుంది వ్యవహారం.

"నవ్యా, ఐ యామ్ సో సారీ," అంది వర్షిణి. కళ్ళల్లో నీళ్ళు నిజమైనవే. "ఓబళప్పగారు లేకపోతే ఈ ప్లేస్ లేదు. ఆయన పేరు గోడ మీద పెడుతున్నాం."

"తాగుబోతనా?" అంది నవ్య.

వర్షిణి మొహం పాలిపోయింది. నేను మధ్యలో దూరాను.

"మంగళవారం పొద్దున మీరెక్కడున్నారు?"

"ఏడుంబావుకి ఇక్కడికే వచ్చానండీ. ఓపెనింగ్‌కి వీడియో తీద్దామని పాతర దగ్గరికెళ్ళా. సడన్‌గా కళ్ళు తిరిగాయి. తర్వాత బెళ్ళందూరులో హాస్పిటల్ బెడ్ మీదే లేచాను. నిన్నే డిశ్చార్జ్ చేశారు. ఓబళప్పగారి సంగతి మర్నాడు చెప్పారు."

"పాతరలోకి దిగారా?"

ఆమె తడబడింది. "రెండు మూడు గూళ్ళు దిగినట్టు ఏదో గుర్తు. కానీ నాన్న, లేదమ్మా, నువ్వు అంచు దగ్గరే పడిపోయావన్నారు."

"ఆస్పత్రికి తీసుకెళ్ళిందెవరు?"

"నాన్నే."

ఆస్పత్రి కాగితం అడిగితే ఫోన్‌లో చూపించింది. చేర్చుకున్న టైము ఎనిమిదీ ఇరవై అయిదు. కింద వీరభద్రం సంతకం. పొద్దుటి ట్రాఫిక్‌లో ఇక్కణ్ణుంచి బెళ్ళందూరుకు నలభై అయిదు నిమిషాలు. అంటే ఇక్కడ బయల్దేరింది ఏడూ నలభైకి. వీరభద్రం పోలీసులకిచ్చిన స్టేట్‌మెంటులో మాత్రం ఆ రోజు సైటుకు మొదటిసారి తొమ్మిదిన్నరకు వచ్చానని రాసుకున్నాడు.

"ఆ పైన బొమ్మ కాస్త అందిస్తారా?"

ఆమె చేతులు ఎత్తబోయి, సగంలోనే అబ్బా అని దించేసింది. "చంకల కింద బాగా కమిలిందండీ. లేపినప్పుడు నొక్కుకుందేమో అన్నారు నర్స్." ఆమె ఏదో గుర్తొచ్చినట్టు బల్ల కింది సంచీ తీసింది. "నా బట్టలతో పాటు ఇది కూడా ఇచ్చారు. ఎవరిదో అర్థం కాలేదు."

ఎర్ర గళ్ళ తువ్వాలు. అంచులు నీలిదారంతో మిషను కుట్టు. నవ్య ముందుకొచ్చి దాన్ని లాక్కుంది.

"ఇది నేను కుట్టింది. అంచులు లేచిపోతాండాయంటే మా ఫ్యాక్టరీ మిషను మీద వేసిచ్చినా. మా నాయన తలగుడ్డ."

చెప్పక తప్పదు గనక నేనే చెప్పాను.

"తాడు ఒరుసుకుంటే మీకు చర్మం లేచిపోతుందని, చంకల కింద తన తలగుడ్డ పెట్టి కట్టాడమ్మా. ఊపిరి బిగబట్టుకుని పాతర అడుగున ఆ పని చేశాడు. మీరు పైకొచ్చారు."

వర్షిణి బల్ల పట్టుకుని కూర్చుండిపోయింది. ఆమె నటించలేదు. ఆమెకు తెలియదు. నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు.

"మా అమ్మాయికి ఒంట్లో బాగాలేదని చెప్పినా వినరన్నమాట."

గుమ్మంలో వీరభద్రం. ఆరడుగుల మనిషి, తెల్ల చొక్కా, నున్నగా గీసిన గడ్డం. నాకూ ఆయనకూ పాత పరిచయమే. నేను తెరిచిన ఫైళ్ళు రెండు, ఆయన మూయించాడు. కూతురి వైపు చూడకుండా నన్ను చావడిలోకి నడవమని సైగ చేశాడు. టైము మూడూ అయిదు.

"మంగళవారం ఎన్నింటికి వచ్చారు వీరభద్రంగారూ?"

"తొమ్మిదిన్నర. రాసే ఉంది."

"ఎనిమిదీ ఇరవై అయిదుకు బెళ్ళందూరులో సంతకం పెట్టింది మీ కవల సోదరుడా?"

ఆయన నవ్వాడు. నవ్వు మొహం మీదే ఉంచి గొంతు తగ్గించాడు.

"సరే, విను. తనిఖీ అయ్యేదాకా పాతర తెరవొద్దని అధికారుల నుంచి ట్రస్టుకు రాతపూర్వకంగా వచ్చింది. ఆదివారం ప్రారంభమని నా కూతురు తెరిపించింది. రేపటిదాకా ఎవరూ దిగొద్దని ఓబళప్ప చెప్పినా ఫోను పట్టుకుని దిగింది. వాడు దిగి నా బిడ్డను తాడుకు కట్టాడు. నేనూ బాషా లాగాం. వాణ్ణి పిలిచాం, పలకలేదు. అప్పటికే పోయాడు. నా బిడ్డకు ఊపిరాడటం లేదు, బాషాను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కారు తీశాను. ఇందులో నేరం ఎక్కడుంది?"

"తాగుబోతని రాయడంలో ఉంది."

"పోయినవాడికి పేరుతో పనేముంది వరూధినీ? బతికున్నది జైలుకు పోకూడదు. ముప్పై రెండేళ్ళు ఖాకీ వేసుకున్నాను. కోర్టులో నీ దగ్గరేముంది? ఒక తాడు, ఒక తువ్వాలు. అన్నట్టు లారీ నాలుగింటికి కాదు, మూడున్నరకే వస్తోంది."

గేటు వైపు వెళ్ళిపోయాడు. ఆయన చెప్పినదాంట్లో ముప్పాతిక నిజమే, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మనిషిని వదిలి వెళ్ళడం పాపం. కాని ఆయన లాంటివాడు దాన్ని ఏ కోర్టులోనైనా తండ్రి ప్రేమగా నిలబెట్టగలడు.

పెరట్లోకి వస్తే నవ్య మెట్టు మీద కూర్చుని, తలగుడ్డ ఒళ్ళో పెట్టుకుని, తాపీని వేళ్ళతో తడుముతోంది.

"ఇదేంది మేడమ్ ఇట్లుంది? తాపీని కంటికి రెప్పలా చూసుకుంటాండె. రోజూ కడిగి నూనె రాసి పెడతాడు."

తాపీ మొన లేదు. గోరు పొడుగున విరిగి, అంచు మొండిగా వంగిపోయి ఉంది. విరిగినచోట ఇనుము ఇంకా తళతళలాడుతోంది. మెత్తటి సున్నంలో తిరిగే తాపీ అలా విరగదు. దేన్నో గట్టిదాన్ని, చాలాసార్లు పొడిస్తే విరుగుతుంది.

పాతర గోడలో రాయి తప్ప ఏముంది? రాయిని ఎందుకు పొడుస్తాడు? నేను తలెత్తి పెరడంతా చూశాను. అప్పుడు గమనించాను. బాషా సున్నం తొట్టి దగ్గర ఎప్పుడూ ఒకే వైపు తిరిగి కూర్చుంటున్నాడు, చావడి గోడకు వీపు తిప్పి. ఆ గోడకు ఆనించి పాతర రాతి మూత నిలబెట్టి ఉంది. బయటి వైపు చెక్కిన రాగి కంకి బొమ్మ కనబడేలా శుభ్రంగా కడిగారు, ఆదివారం జనానికి చూపించడానికి. లోపలి వైపు గోడకు తిరిగి ఉంది. మంగళవారం ఆరున్నరకు తీసి పక్కన పెట్టామని, మళ్ళీ కదపలేదని వీరభద్రం రిపోర్టు.

"నవ్యా, ఒక చెయ్యి వెయ్యి."

ఇద్దరం అంచు పట్టుకుని మూతను గోడ నుంచి ముందుకు వంచాం. ఒక్కరి వల్ల అయ్యే బరువు కాదు. సందులో ఫోను లైటు వేశాను.

నల్లటి రాతి మీద తెల్లగా గీతలు. పొట్టివి, లోతైనవి, అన్నీ ఒకే చోట, ఒకదాని మీద ఒకటి. నలభై దాకా ఉంటాయి. నవ్య తాపీ మొండి కొసను ఒక గీతలో పెట్టింది. అది సరిగ్గా కూర్చుంది.

వర్షిణిని పైకి లాగేసరికి ఓబళప్ప చావలేదు. గూళ్ళు పట్టుకుని పైదాకా ఎక్కాడు. గాలి ఉన్న చోటికి వచ్చేశాడు. అప్పటికే పైన మూత పడింది. కొట్టి కొట్టి, పట్టు తప్పి మళ్ళీ అడుగునే పడ్డాడు.

"కొట్టినాడు," అంది నవ్య. "మా నాయన తియ్యమని కొట్టినాడు."

వెనక బాషా ఏడుపు వినబడింది. మగవాడు అలా ఏడవడం నేను ఆస్పత్రుల్లో కూడా చూడలేదు.

"నేనే మూసినా అమ్మా! సారూ నేనూ కలిసి మూసినాం. అన్న పోయినాడు, తెరిచిపెడితే ఇంకెవరన్నా పడతారు, మూత వెయ్యి అన్న్యాడు సారు. నాకు బుద్ధి పని చెయ్యలే. మూసి కారు దగ్గరికి పోతాంటే టక్ టక్ అని ఇనపడింది. సార్, అన్న కొడతాండాడు అన్న్యా. సారు నిలబడినాడు. ఆయప్ప కూడా ఇన్న్యాడమ్మా! నిలబడి ఇన్న్యాడు. రాయి సర్దుకుంటాది, అట్లే శబ్దమొస్తాది, కారెక్కు అన్న్యాడు. నేను ఎక్కినా. తొమ్మిదిన్నరకు తిరిగొచ్చి మూత తీస్తే అన్న కింద పడిండాడు. నోరు తెరిస్తే నిన్నే లోపలేస్తానన్న్యాడు."

"ఎందుకు నాన్నా?"

చావడి మెట్ల మీద వర్షిణి. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు. ఆమె చూస్తున్నది మమ్మల్ని కాదు, గేటు తీయించి లారీకి దారి చూపిస్తూ పెరట్లోకి వచ్చిన తండ్రిని. లారీ వెనక్కి వస్తూ టీ టీ అని కూస్తోంది. టైము మూడూ ఇరవై ఎనిమిది.

"నీ కోసమేనమ్మా," అన్నాడు వీరభద్రం. "వాడు బయటికొస్తే నువ్వు దిగిన సంగతి చెప్తాడు. నీ మీద కేసు, నీ ట్రస్టు, అంతా..."

"ఆయన పైకొచ్చాడు నాన్నా. నన్ను పంపి, ఆయనా పైకొచ్చాడు."

"లోపలికి పో వర్షిణీ. డ్రైవర్, పోసెయ్యి!"

లారీ గొట్టం పాతర వైపు తిరిగింది. వర్షిణి మెట్లు దిగి పరుగెత్తింది. నేను చెయ్యి చాచేలోగా పాతర అంచున కూర్చుని, మొదటి గూట్లో కాలు పెట్టి, నడుము దాకా దిగిపోయింది.

"పోయించు నాన్నా. ఇప్పుడు పోయించు."

డ్రైవరు లారీ ఆపేశాడు. వీరభద్రం ఆమె చేతిని అందుకోబోయాడు. ఆమె ఇంకో గూడు దిగింది. ఆయన బోర్లా పడుకుని చెయ్యి చాచాడు, ఆమె ఇంకొకటి దిగింది. జుట్టు మాత్రం కనబడుతోంది, తర్వాత అదీ లేదు.

"అమ్మా, వద్దు! దీపం ఆరిపోయింది, పైకి రా!" అని అరిచాను. లోపల్నుంచి దగ్గు వినబడింది. తర్వాత మెత్తగా ఏదో పడిన చప్పుడు.

"తాడు!" వీరభద్రం వెర్రెత్తినట్టు లేచాడు. "బాషా, తాడు తీసుకురా! తాడు వెయ్యండి ఎవరైనా!"

బాషా కదల్లేదు. తాడు నా కాళ్ళ దగ్గర పడి ఉంది. నవ్య వంగి దాన్ని తీసుకుంది, నున్నగా కోసిన కొసను ఆయన కళ్ళ ముందు పట్టుకుంది.

"మూడు మూరలు తక్కువుండాది సార్," అంది. అని, మా చేతికి రెండో కొస విసిరి, తాడు సరిపోయేలా తండ్రి తలగుడ్డను ఆ కోసిన కొసకు ముడి వెయ్యడం మొదలుపెట్టింది.